మూడు చిన్న కుట్లు

‘వెర్షన్ నంబరు రాయలేదు. తప్పు ఎక్కడుందో చూసుకోవడానికి ఫైలు జతచెయ్యలేదు. ఈ ఫిర్యాదు మూసేస్తున్నాం’ అని టైపు చేసి, కోడలు ఎంటర్ మీటని అరచేత్తో కొట్టింది. ఇంకా టీ కూడా తాగలేదు. అప్పుడే ముగ్గురి మొహాన తలుపేసింది. ‘మూసేస్తున్నాం’ అట, అక్కడికి వెనకాల పదిమంది ఉన్నట్టు. ఉన్నది తనొక్కతే.

మేడ మీద చిన్న గది. ఓ బల్ల, ఓ కుర్చీ. కుర్చీకి ఒక చక్రం ఊడిపోతే దాని కింద మడిచిపెట్టిన అట్టముక్క. ఆఫీసు పని ఇక్కణ్ణించే చేస్తుంది, అది మొదలయ్యేలోపల దొరికే కాస్త వ్యవధి ఈ ఊరికే పనికి. ఊరికే అంటే నిజంగా ఊరికేనే. పైసా రాదు, పేరూ రాదు, తిట్లు మాత్రం వేళకి వస్తాయి.

పని చెప్పడానికి సులువే. ఒక బొమ్మ ఇస్తే దాన్ని కుట్లుగా విడగొట్టి, సూది ముందు ఎక్కడ దిగాలో తర్వాత ఎక్కడికి పోవాలో ఎంబ్రాయిడరీ మిషనుకి చెప్పే ప్రోగ్రామ్ అది. ఓపెన్ సోర్స్ అంటారు చూడండి, ఆ బాపతు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి పంపొచ్చు. పెళ్ళికి ముందు మిషన్ల కంపెనీలో ఉండగా మరో ముగ్గురితో కలిసి సరదాగా మొదలుపెట్టింది. కంపెనీ మూతపడింది. ఆ ముగ్గురూ ఒక్కొక్కరే జారుకున్నారు. హెల్ప్ పేజీలు రాసే ఆయన మాత్రం చాలాకాలం నిలబడ్డాడు, మహా ఓపికమంతుడు. కవల పిల్లలు పుట్టాక ఆయనా కనబడ్డం మానేశాడు. అప్పటినుంచి హెల్ప్ పేజీల్లో సగం, ఎప్పుడో మారిపోయిన తెరల గురించి చెబుతున్నాయి. మిగతా సగంలో పైన శీర్షిక ఉంటుంది, కింద ‘వివరాలు త్వరలో’ అని ఉంటుంది. ఆ త్వరలో ఎన్నేళ్ళ నాటిదో అడక్కండి.

మార్పులు పంపేవాళ్ళకి మాత్రం కొదవలేదు. ఈమధ్య మరీ ఎక్కువయ్యారు. ఏఐ చేత రాయించి పంపుతున్నారు. పైన ముచ్చటైన శీర్షిక, కింద పెళ్ళిపెద్దలా మాట్లాడే వివరణ. మొదట్లో కోడలు ప్రతి వరుసా చదివేది. తర్వాత సగం చదివేది. ఇప్పుడు శీర్షిక చూసి, ప్రోగ్రామ్ తనంతట తనే చేసుకునే పరీక్షల దగ్గర పచ్చగుర్తు వెలిగితే చాలు, ‘సరే’ నొక్కి అవతలికి నెడుతోంది. అలా నెట్టినప్పుడల్లా లోపల ఎక్కడో గీరుకున్నట్టే ఉంటుంది. ఉన్నా నొక్కుతుంది.

ఇవాళ తలుపేసినవాళ్ళలో ఒకరిని మాత్రం మర్చిపోలేకపోయింది. ఆ మనిషి పేరు ‘చెప్పను’. చేరేటప్పుడు మీ పేరేమిటని పేజీ అడుగుతుంది కదా, ఈ మనిషి ‘చెప్పను’ అని కొట్టారు, పేజీ అదే పేరనుకుంది.

‘పోయిన నెల దాకా బాగుండేది. మీరేదో కెలికారు. కుట్టు చివర దారం నిలవట్లేదు. హెల్ప్ నొక్కితే త్వరలో అంటుంది. ఎప్పుడు త్వరలో’ అని మొదటి ఉత్తరం. వెర్షన్ నంబరు చెప్పమంది కోడలు. ‘వెర్షన్ అంటే ఏమిటి, అదెక్కడుంటుంది’ అని రెండోది. హెల్ప్ పేజీలో ఉంది చూడమంది. ‘పైన కుడి మూల నొక్కమన్నారు. నా తెరకి ఆ మూల ఏమీ లేదు, ఖాళీగా ఉంది. మీరెప్పుడైనా ఆ మూల చూశారా’ అని మూడోది. దాంతో కోడలికి ఒళ్ళు మండింది. ‘మీ ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే అడగండి’ అని రాసి మూసేసింది.

మూసేసిందే గాని, కాలు ఊపుతూనే ఉంది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. కింద గదిలో అత్త మిషను మొదలైంది. గోడలోంచి, నేలలోంచి, బల్ల కాళ్ళలోంచి పైకెక్కి వచ్చే ఆ చప్పుడుకి టీ గ్లాసు మీద మూత సన్నగా వణుకుతుంది. కాసేపు నడిచి ఆగింది. మళ్ళీ నడిచి ఆగింది. పోయిన నెల్లో ఇలా ఆగేది కాదే అనుకుంది కోడలు. అనుకుని, ఆఫీసు పని తెరిచింది.

*

అత్త సంగతి చెప్పాలి. ఆవిడ చేతికి కత్తెర అలవాటు, నోటికి మొహమాటం అలవాటు లేదు. ప్యాంట్ల అంచులు మడిచి, జిప్పులు మార్చి, చొక్కా కాలర్లు తిరగేసి కుట్టి ఇంతకాలం నెట్టుకొచ్చింది. ఈ ఏడే ఊళ్ళోని అగ్నిమాపక కేంద్రం వాళ్ళు చొక్కాలకి బ్యాడ్జీలు కుట్టిపెడతారా అని అడిగితే, ఉన్నదంతా ఊడ్చి ఎంబ్రాయిడరీ మిషను కొంది. అమ్మినతను దానితోబాటు ఎర్ర అట్టపెట్టెలో ప్రోగ్రామ్ కూడా ఇచ్చాడు. పెట్టె మీదా, తెర మీదా అతని షాపు పేరే.

మిషను వచ్చినరోజు అత్త మెట్ల కిందనుంచి పిలిచి, “అమ్మాయ్, నువ్వు పైన చేసేది దేనికి సంబంధించిందే? ఇలాంటి వాటికి పనికొస్తుందా?” అని అడిగింది. కోడలికి ఒక్క క్షణం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా వెంటనే కళ్ళకి కట్టింది. సూది విరిగినా పిలుపే, దారం చిక్కుపడినా పిలుపే. “ఏదో డ్రాయింగుల ప్రోగ్రామ్ లెండి అత్తయ్యా. డబ్బులు కూడా ఇవ్వరు” అని మేడెక్కేసింది. అబద్ధమా అంటే అబద్ధం కాదు. నిజమా అంటే, అదీ కాదు.

‘చెప్పను’ ఫిర్యాదు మూసేసిన సాయంత్రం భోజనాల దగ్గర అత్త ఎడంచేత్తో కంచం ముందుకి జరుపుకుంటుంటే రెండు వేళ్ళకి ప్లాస్టర్లు కనబడ్డాయి. కుడిచేతికి ఇంకోటి.

“ఏమైందమ్మా వేళ్ళకి?” అన్నాడు కొడుకు. నీళ్ళ సరఫరా కేంద్రంలో షిఫ్టు దిగి వచ్చి, సగం నిద్రలో తింటున్నాడు.

“ఆ ప్రోగ్రామ్ రాసినవాడి నోట్లో మన్ను పడ. వాడికేం, ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని మూసేస్తున్నాం మూసేస్తున్నాం అంటాడు. కుట్టేది నేను కదా” అంది అత్త.

అమ్మినవాడి మీద కోపమనుకుంది కోడలు. మాట కూడా సరిగ్గా చెవినపడలేదు, తలలో ఆఫీసు పని తిరుగుతోంది. “కూర ఇంకాస్త వెయ్యనా అత్తయ్యా?” అని అడిగింది. అత్త వద్దని చెయ్యి అడ్డం పెట్టింది, ప్లాస్టర్ల చెయ్యే. కోడలు గరిటె వెనక్కి పెట్టేసి, తను వడ్డించుకుంది.

*

మర్నాడు పొద్దున్న అగ్నిమాపక కేంద్రం స్టోర్స్ చూసే ఆయన గోనెసంచీతో వచ్చాడు. కోడలు గేటు దగ్గర చెత్తబుట్ట పెట్టి వస్తూ ఎదురుపడింది. ఆయన మంచి మనిషిలాగే ఉన్నాడు, చెప్పులు బయటే విడిచాడు, కాని మొహంలో నవ్వు లేదు.

“ఏమనుకోకండమ్మా. రెండు ఉతుకులకే ఇలా అయింది” అంటూ సంచీ బల్ల మీద కుమ్మరించాడు. చొక్కాలు. ప్రతి చొక్కా జేబు మీదా బ్యాడ్జీ, ఆ బ్యాడ్జీల అంచుల్లోంచి ఎర్ర దారాలు, పచ్చ దారాలు, తల దువ్వుకోని పిల్లల్లా.

అత్త ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసింది. ఆవిడ మొహం కోడలు ఎప్పుడూ అలా చూడలేదు. తిట్టలేదు, వాదించలేదు. బొటనవేలితో కుట్టు రుద్దుతూ నిలబడింది.

“ఇవి మొదటి లాటువి. రెండో లాటుకి వెనకాల ప్రతి దారం చేత్తో ముడేస్తున్నాను” అంది నెమ్మదిగా.

“చేత్తో ఎన్నని వేస్తారు? శనివారానికి మొత్తం కావాలి, ఇవీ అవీ కలిపి. లేకపోతే మా ఆఫీసరు ఫ్యాక్టరీకి ఇచ్చేస్తానంటున్నాడు. మీ మొహం చూసి శనివారం దాకా ఆపాను.”

ఆయన వెళ్ళాక అత్త కుర్చీలో కూర్చుని కత్తెర అందుకుంది. ఈ పని పోతే మిషను ఉండదు. మిషను పోతే మళ్ళీ ప్యాంట్ల అంచులే. అది ఆవిడ పైకి అనలేదు, అనక్కర్లేదు కూడా.

కోడలు ఒక చొక్కా అందుకుని వదులుగా వేలాడే దారం కొస పట్టుకుంది. గట్టిగా లాగను కూడా లేదు, పిలిచినట్టే వచ్చేసింది. ఒక అక్షరం మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. కుట్టు చివర సూది ఉన్నచోటే మూడుసార్లు దిగి మూడు చిన్న కుట్లు వెయ్యాలి, అదే ముడి. అది లేదు. అది వెయ్యమని చెప్పాల్సింది ప్రోగ్రామ్.

“కుట్టు చివర దారం నిలవట్లేదు” అనుకుంది తనలో తనే. ఈ మాట ఎక్కడో చదివానే అనిపించింది. చొక్కా బల్ల మీద పెట్టేసి, రెండేసి మెట్లెక్కుతూ పైకి పోయింది.

ఫిర్యాదుల పేజీలో ‘చెప్పను’ నుంచి కొత్త ఉత్తరం వచ్చి ఉంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టినట్టు, మధ్యలో ఎక్కడా చుక్కలు లేవు, అంతా ఒకటే పరుగు. చుక్కలు పెట్టి చదివితే ఇది.

‘ఇంట్లో తెలిసినవాళ్ళని అడగమన్నారు. ఉంది ఒక అమ్మాయి, మా కోడలు. నేను అడగను. పొద్దున్న లేచింది మొదలు ఎవరికోసమో చాకిరీ చేస్తుంది. సగం పనికి డబ్బులు కూడా ఇవ్వరట. అన్నం తింటూ కూడా ఆ ధ్యాసే, మనం మాట్లాడితే వినబడదు. మొన్న కళ్ళు చూస్తే గుంటలు పడ్డాయి. అలాంటి పిల్ల దగ్గరికి పోయి నాది కూడా ఊరికే చేసిపెట్టు అని ఎలా అడగను? అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఆఫీసు పెట్టుకుని కూర్చున్నారు కదా, అది మీ పని కదా. దయచేసి దారం సంగతి చెప్పండి.’

కోడలు రెండోసారి చదవలేదు. చదవలేకపోయింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద కత్తెర చప్పుడు, ఆగి, మళ్ళీ. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. చెవుల దాకా పాకింది సిగ్గు.

*

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. అదే ఇంకా బాధ. పోయిన నెల ఎవరో ఒక మార్పు పంపారు. ‘అనవసరమైన చిన్న కుట్లని తొలగించి, కుట్టే వేగం పెంచుట’ అని శీర్షిక. కదలకుండా ఉన్నచోటే పడే కుట్లు పొరపాటున వచ్చినవని, వాటిని ఏరిపారేస్తే మిషను త్వరగా పని ముగిస్తుందని ఎంతో వినయంగా వివరణ. దారం అనేది ఎప్పుడూ చేత్తో పట్టుకోని బుర్ర చేసిన పని. తెర మీద చూస్తే తేడా ఏమీ ఉండదు, మూడు కుట్లూ ఒకే చుక్క మీద పడతాయి కదా, కనబడితే కదా. పరీక్షలన్నీ పచ్చగా వెలిగాయి. కింద ‘సరే’ అని నొక్కినవాళ్ళ పేరు ఉంది. తనదే.

వద్దనుకుంటే ఆపుకోవడానికి ఒక సెట్టింగు కూడా పెట్టారు మహానుభావులు. దాని హెల్ప్ పేజీ తెరిచింది. శీర్షిక ఉంది. కింద ‘వివరాలు త్వరలో’.

మార్పుని వెనక్కి తీసింది. ఈసారి ప్రతి వరుసా చదివింది, పెదాలు కదుపుతూ చదివింది. ఆఫీసువాళ్ళు ఫోను చేస్తే తలనొప్పని చెప్పింది, అది అబద్ధం కూడా కాదు. మధ్యాహ్నానికి కొత్త వెర్షన్ సిద్ధమైంది. భర్త పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, షిఫ్టుకి బయల్దేరుతున్నాడు, మెడలో గుర్తింపు కార్డు. విషయమంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. “అంటే అమ్మ నెలరోజులుగా తిడుతున్నది నిన్నా?”

“నన్నే.”

“బాగుచేశావు కదా. అమ్మకి చెప్పకు. ఆ పేజీలో కొత్తది వేసుకోమని రాసెయ్, వేసుకుంటుంది, అంతటితో సరి. ఎందుకొచ్చిన గొడవ?”

నిజమే, ఎందుకొచ్చిన గొడవ. అలా రాయడం ఎంత తేలిక. రాసింది కూడా. ‘మీ సమస్య సరిచేశాం. కొత్త వెర్షన్ వేసుకోండి.’ గోడలో చెవి పెట్టినట్టు కూర్చుంది. కింద ఫోను మోగిన చప్పుడు వినబడింది. కత్తెర ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. వెతుక్కుంటూ కొడుతోందన్నమాట, ప్లాస్టర్ల వేళ్ళతో. తర్వాత తెర మీద జవాబు పడింది.

‘వేసుకోను. కొత్తది వేసుకున్నాకే ఈ పీడ వచ్చింది. మీ మాట మీద ఇంకోటి వేసుకుని ఉన్నది కూడా పోగొట్టుకోలేను. శనివారం నాకు గడువు. మీకు దండం. చేత్తోనే వేసుకుంటాను.’

కింద మళ్ళీ కత్తెర మొదలైంది. కోడలు లేచి నిలబడింది, కూర్చుంది, చెప్పుల్లో కాళ్ళు పెట్టి తీసేసింది. ఇంత పెద్ద ప్రపంచంలో ఆ ప్రోగ్రామ్ వాడే వేలమందిలో ఒక్కరు, మెట్లు దిగితే ఉన్నారు. దిగడానికి కాళ్ళు రావట్లేదు. చివరికి తనని తనే తిట్టుకుని దిగింది.

*

అత్త గదిలోకి అడుగుపెట్టి చాలాకాలమైంది. దుమ్ము తెస్తారని ఎవర్నీ రానివ్వదు ఆవిడ. గోడకి మేకుల మీద దారం కండెలు, ముదురు ఎరుపు నుంచి లేత పసుపు దాకా వరసగా. మిషనుకి బిగించిన రింగులో గుడ్డ, దాని మీద సగం కుట్టిన బ్యాడ్జీ. అత్త ఒళ్ళో పూర్తయినవాటి కుప్ప. ఒక్కోదాన్నీ తిరగేసి, వెనక వేలాడే దారం కొసని చేతిసూదికి ఎక్కించి, కుట్ల కింద నుంచి దూర్చి ముడేసి, కత్తిరించి, పక్కన పెడుతోంది. ఒక్క బ్యాడ్జీకి అలాంటి కొసలు ఎన్నో.

“అత్తయ్యా, మీరు ఉత్తరాలు రాస్తున్న అబ్బాయి నేనే.”

అత్త తలెత్తలేదు. “ఏ అబ్బాయి?”

“మూసేస్తున్నాం అని రాసే అబ్బాయి.”

సూది ఆగింది. అత్త కళ్ళజోడు కిందికి దించి, పైనుంచి చూసింది. “నువ్వా?”

“నేనే.”

“మరి ‘మూసేస్తున్నాం’ అంటే, ఇంకెవరెవరున్నారు?”

“ఎవరూ లేరు. నేనొక్కదాన్నే.”

అత్త బ్యాడ్జీని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. సూదిని పిన్నుల దిండుకి గుచ్చింది. ఆ రెండు పనులూ ఎంత నిదానంగా చేసిందంటే, కోడలికి అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

“డ్రాయింగుల ప్రోగ్రామ్ అన్నావు.”

“అన్నాను. చెబితే మీరు రోజుకి పదిసార్లు పిలుస్తారని భయపడ్డాను.”

“పిలిచేదాన్నే” అంది అత్త. “వెర్షన్ నంబరు ఎక్కడుంటుందో వెతకడానికి నాకు ఒక పూట పట్టింది తెలుసా? నువ్వు నా నెత్తి మీదే కూర్చుని, హెల్ప్ పేజీ చూడమన్నావు.”

“ఎవరో తెలీదు కదా అత్తయ్యా.”

“తెలీకపోతే? నా దగ్గరికి ప్యాంటు తెచ్చేవాళ్ళంతా నాకు చుట్టాలా? ఎవరిదైనా చివర ముడెయ్యకుండా ఇస్తానా నేను?”

కోడలు జరిగిందంతా చెప్పింది. ఎవరో మార్పు పంపడం, తను చూడకుండా సరే అనడం, మూడు చిన్న కుట్లు ఎగిరిపోవడం.

“చూడకుండా ఎందుకు సరే అన్నావు?”

“అలిసిపోయి.”

అత్త ఆమె కళ్ళకేసి చూసింది, ఆ గుంటలకేసి. కోపం తగ్గలేదు గాని గొంతు తగ్గింది. “అలిసిపోతే ఇవాళ్టికి లేదని బోర్డు పెట్టాలే. తెరిచి పెట్టుకుని జనాన్ని కసిరితే ఎలా?”

“బాగుచేశాను. ఇప్పుడే వేసి ఇస్తాను, ఇటివ్వండి” అని కోడలు కంప్యూటర్ వైపు చెయ్యి చాపింది.

అత్త ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. “నువ్వు వచ్చి టకటకా నాలుగు నొక్కి పోతే, రేపు నా గతేంటి? నువ్వు రాసింది చదువుకుని నేనే వేస్తాను. రాయి. ఇక్కడే కూర్చుని రాయి. నేను చేస్తున్నంతసేపూ నువ్వు నోరెత్తకూడదు.”

కోడలు దారం కండెల పెట్టె మీద కూర్చుని, లాప్‌టాప్ మోకాళ్ళ మీద పెట్టుకుని రాసింది. కొత్త వెర్షన్ ఎలా వేసుకోవాలో చెప్పాల్సి ఉండి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న పేజీనే. నాలుగు వాక్యాలు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ రాయలేరనుకుంది. అత్త ఫోనులో అది తెరిచి, బిగ్గరగా చదివింది.

“సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి.” తెర అంతా కళ్ళతో గాలించింది. ప్లాస్టర్ వేలు పై వరస మీద తిరిగింది, పక్క వరస మీద తిరిగింది, ‘సెట్టింగ్స్’ అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నది చిన్న పళ్ళచక్రం బొమ్మ. ఆ వేలు దాని పక్కనుంచే రెండుసార్లు పోయింది. కోడలు నోరు తెరిచింది.

“ఊఁ” అంది అత్త.

నోరు మూసుకుంది. చేతులు తొడల కింద పెట్టుకుంది. దేవుడా, ఆ బొమ్మ పెట్టింది కూడా తనే, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయి మరీ పెట్టింది. పాత పేజీ తుడిచేసి, ‘పైన ఎడంపక్క పళ్ళచక్రం బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కండి’ అని రాసింది. అత్త మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి రెండో వాక్యం దాకా వెళ్ళి ఆగింది. ‘సేవ్ చెయ్యండి’ అంటే పేరేం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? మళ్ళీ తుడిచింది. నాలుగు వాక్యాలు పదిహేనయ్యాయి. కోడలు ఊరికే పంచే ప్రోగ్రామ్‌కే అమ్మినతను తన షాపు పేరు అతికించి ఇచ్చాడని, అతికించినచోట తెర కొంచెం వేరుగా ఉందని అప్పుడు తెలిసింది ఆమెకి. ఆ కుడి మూల నిజంగానే ఖాళీ. ‘చెప్పను’ రాసింది అక్షరాలా నిజం.

ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చే వేళకి అత్త ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళింది. కొత్తగుడ్డ రింగులో బిగించింది. మిషను ఆకుపచ్చ బటన్ నొక్కింది.

సూది పరిగెత్తింది. ఒక అక్షరం పూర్తయి, చివర్లో టుక్కు టుక్కు టుక్కు అని ఉన్నచోటే మూడుసార్లు దిగింది. ఇన్నేళ్ళుగా ఆ మూడు కుట్లని తను వరసలుగా, అంకెలుగా ఎన్నిసార్లు రాసిందో. వాటికి చప్పుడుంటుందని ఇప్పుడే వింటోంది.

అత్త గుడ్డ విప్పి, దారం కొసని గోళ్ళతో పట్టుకుని లాగింది. రాలేదు. పళ్ళతో పట్టుకుని లాగింది. రాలేదు.

“నిలబడింది” అంది. వెంటనే, “మరి ఈ ముడతలెందుకొస్తున్నాయి? ఇదీ నీ ప్రోగ్రామేనా?”

కోడలు గుడ్డ తిరగేసి చూసింది. అడుగు దారం పైకి పొంగి కనబడుతోంది. “ఇది కాదు. అడుగు దారాన్ని బిగించే బాబిన్ స్క్రూ మీరేమైనా కదిపారా?”

అత్త అటు తిరిగి కండెలు సర్దడం మొదలుపెట్టింది. “దారం నిలవట్లేదని కాస్త వదులు చేశాను” అంది గోడతో.

“అది మీ ఫిర్యాదులో రాయలేదు.”

“మూసేస్తావా ఏంటి?”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం.

*

శనివారం దాకా కోడలు ఆఫీసుకి సెలవు పెట్టింది. మిషను ఆగకుండా నడిచింది. అత్త రింగులు బిగిస్తే, కోడలు పాత బ్యాడ్జీలు చొక్కాల మీదనుంచి విప్పింది, వేలు కోసుకుంది, అత్త ప్లాస్టర్ల డబ్బా ఇటు తోసింది. మధ్యలో ఆ ప్రోగ్రామ్ వాడే అందరికీ ఒక ప్రకటన పెట్టింది. మార్పు తను చదవకుండా ఒప్పుకున్నానని, ఇకనుంచి కొత్త హంగులు కొంతకాలం తీసుకోనని, ముందు ఉన్నవాటికి పేజీలు రాస్తానని. కొందరు సణిగారు, ఒకాయన పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. చదివింది, కాలు ఊగలేదు.

స్టోర్స్ ఆయన వచ్చి బకెట్టులో వేడినీళ్ళు అడిగాడు. ఒక బ్యాడ్జీ ముంచి, పిండి, అంచులు పట్టుకుని రెండు చేతులా లాగి చూశాడు. ఇంకోటి లాగాడు. సంచీ నింపుకుంటూ, “వచ్చే నెల టోపీలకి కూడా కావాలి” అన్నాడు. అత్త ‘చూద్దాం’ అంది, ఎంతో బిగువుగా. ఆయన వీధి మలుపు తిరిగాక కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

సోమవారం పొద్దున్న కోడలు పైన కూర్చుని ఫిర్యాదుల పేజీ తెరిచింది. అన్నిటికన్నా పైన ‘చెప్పను’ నుంచి ఒకటి ఉంది. ఈసారి చుక్కలు కూడా ఉన్నాయి.

‘ఈ పేజీ చదివే అందరికీ. ఇక్కడ మీకు జవాబులు రాసేది పెద్ద ఆఫీసు కాదు. మా కోడలు, ఒక్కతే. సొంత ఉద్యోగం చేసుకుని, మిగిలిన టైములో మనకి ఊరికే చేస్తోంది. తప్పు చేసింది, నాకు చెప్పింది, నేను చూసుకున్నాను, ఇక మీరెవరూ అనక్కర్లేదు. ఏదైనా మార్చి పంపేవాళ్ళు ముందు గుడ్డ మీద కుట్టి, వేడినీళ్ళలో ఉతికి, అప్పుడు పంపండి. పొద్దున్న ఆమె టీ తాగేదాకా ఎవరూ ఏమీ రాయకండి.’

దాని కింద ఇంకో ముక్క. ‘నాది ఒకటుంది. ఎర్ర దారం ముడి ఎడమ అంచున లావుగా వస్తోంది. వెర్షన్ నంబరు కింద రాశాను. ఫైలు జతచేశాను.’

నిజంగానే జతచేసింది. నంబరు కూడా సరిగ్గా ఉంది.

కోడలికి కళ్ళు మసకబారాయి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జవాబు రాద్దామని వేళ్ళు మీటల మీద పెట్టింది. అంతలో కింద మిషను ఆగింది. బల్ల మీద గ్లాసు మూత వణకడం మానింది. మళ్ళీ మొదలవలేదు. కింద మనిషి జవాబు కోసం కాచుకుని కూర్చుందన్నమాట. ఇన్నేళ్ళలో ఎదుటిమనిషి ఎదురుచూపు చెవులకి వినబడటం ఇదే మొదలు. కోడలు జవాబు రాయలేదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, టీ గ్లాసు ఇంకో చేత్తో పట్టుకుని, మెట్లు దిగింది.